అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టించుకోవడం: పదే పదే అడుగుతున్న ప్రశ్నలు

మా నాన్నకి అన్నవాహిక క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, ఆ తర్వాత 25 సిట్టింగుల రేడియేషన్ ఇచ్చారు. అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరికి ఈ జబ్బని తెలిసినా ఫోన్ నాకే వస్తోంది, అడిగేవి కూడా దాదాపు అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాదు, 5 వారాలు రేడియేషన్ గది ముందు బెంచీ మీద కూర్చున్నదాన్ని. మన దగ్గర అందరూ దీన్ని కరెంటు పెట్టడం అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. నిజానికి మనిషికి కరెంటేమీ పెట్టరు, మెషీన్‌లోంచి వచ్చే ఎక్స్ కిరణాలే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఆపరేషన్ అయింది, ఇప్పుడేంటి?

మొత్తం తీసేశాం అన్నారు కదా, మళ్లీ కరెంటు ఎందుకు?

సర్జన్ తీసేది కంటికి కనిపించేది, చేతికి తగిలేది. కంటికి కనపడని కణాలు అన్నవాహిక చుట్టూ ఉన్న పొరల్లోనో, పక్కనున్న లింఫు గ్రంథుల్లోనో మిగిలి ఉండొచ్చు. అన్నవాహికకి బయట పేగుకి ఉన్నట్టు గట్టి పై పొర ఉండదు, అందుకని జబ్బు పక్కకి పాకడం తేలిక. మిగిలి ఉండే అవకాశం ఎక్కువని రిపోర్టు చెప్తేనే కరెంటు అంటారు, అందరికీ కాదు. అంచులు శుభ్రంగా వచ్చి, గ్రంథుల్లో ఏమీ లేకపోతే చాలామందిని చెకప్‌లతో వదిలేస్తారు కూడా.

రిపోర్టులో మేం ఏం చూడాలి? అంతా ఇంగ్లీషులో ఉంది.

మూడే మూడు సంగతులు. మొదటిది, మార్జిన్, అంటే కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా. ఆర్ జీరో అంటే లేదు, ఆర్ వన్ అంటే మైక్రోస్కోపులో కనిపించింది. రెండోది, గ్రంథులు, 4/18 అని రాసుంటే 18 పరీక్షిస్తే 4 గ్రంథుల్లో దొరికిందని అర్థం. మూడోది, గోడలో ఎంత లోతుకి దిగిందనేది, టీ3 అంటే కండరాన్ని దాటి బయటి పొరదాకా వచ్చింది. దీనితోపాటు రకం కూడా చూడండి: స్క్వామస్ మన దేశంలో ఎక్కువ, పొగాకు, మద్యంతో ముడిపడినది. అడినో ఎక్కువగా కింది చివర, కడుపు కలిసేచోట వస్తుంది. తర్వాత ఏ మందు అనేది ఈ రకాన్ని బట్టి మారుతుంది. డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకుండా పూర్తి బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు అడిగి తీసుకోండి. రేడియేషన్ డాక్టర్ మొదట అడిగేది అవే.

మాకు తెలిసినాయనకి ముందు కరెంటు పెట్టి తర్వాత ఆపరేషన్ చేశారు. మాకు తిరగేసి చేస్తున్నారేంటి?

ఇప్పుడు ఎక్కువ చోట్ల ఆ వరసే. నెదర్లాండ్స్‌లో క్రాస్ అనే ట్రయల్ (పేషెంట్ల మీద వైద్యాన్ని పోల్చి చూసే పరీక్ష) జరిగింది, 2012లో ఫలితాలు వచ్చాయి. ముందుగా 23 సిట్టింగుల్లో 41.4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్, వారం వారం కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తే, ఉత్త ఆపరేషన్ కంటే ఎక్కువమంది ఎక్కువకాలం బతికారు. అడినో రకానికైతే ఈ మధ్య ఆపరేషన్‌కి ముందూ వెనకా ఫ్లాట్ అనే కీమో వైపు మొగ్గుతున్నారు.

మరి తర్వాత పెట్టడం ఎందుకంటే, కొందరికి స్కాన్‌లో చిన్నదిగా కనిపించి నేరుగా ఆపరేషన్‌కి వెళ్తారు, తీరా తీశాక గ్రంథుల్లో దొరుకుతుంది. కొందరు ముద్ద దిగక, నీరసించిపోయి ముందు కరెంటు తట్టుకోలేరు. మా నాన్నది మొదటి కథ. తప్పు జరిగిందని కంగారుపడకండి, కానీ ఎందుకు ముందు పెట్టలేదో డాక్టర్‌ని నేరుగా అడగండి, అడగడంలో తప్పేం లేదు.

ఆపరేషన్‌కి ముందే ఒకసారి పెట్టారు. ఇప్పుడు మళ్లీ పెడతారా?

అదే చోట సాధారణంగా మళ్లీ పెట్టరు. ఊపిరితిత్తులు, గుండె, వెన్నుపాము అప్పటికే తమ వంతు తీసుకుని ఉంటాయి, వెన్నుపాముకైతే 45–50 గ్రే దగ్గర గీత గీసేస్తారు. ముందు కరెంటు, తర్వాత ఆపరేషన్ అయ్యి, తీసిన ముక్కలో ఇంకా జబ్బు మిగిలి కనిపిస్తే నివోలుమాబ్ అనే ఇమ్యునో మందు (ఒంటి రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి ఉసిగొల్పేది) ఏడాదిదాకా ఇస్తారు. 2021లో వచ్చిన ట్రయల్ ఫలితం అది. ఖరీదు బాగా ఎక్కువ, కంపెనీ సహాయ పథకం ఏమైనా ఉందేమో ముందే అడగండి.

ఎన్నాళ్లలో మొదలుపెట్టాలి? ఇంకా కోలుకోలేదు.

చాలామందికి ఆపరేషన్ అయిన 4 నుంచి 8 వారాల మధ్య మొదలవుతుంది. కుట్టు దగ్గర లీక్ అయినా, ఛాతీలో నీరు చేరినా, బరువు బాగా పడిపోయినా ఇంకొంచెం ఆగుతారు. గాయం మానకుండా కరెంటు పెడితే ఆ గాయం మానడం కష్టం. ఆగిన రోజుల్లో చేయవలసిన పని తిండి పెంచడం, ఇంట్లోనే కొంచెం నడిపించడం. మా నాన్నకి 7వ వారంలో మొదలైంది.

కీమో కూడా కలిపి ఇస్తామంటున్నారు. రెండూ తట్టుకుంటారా?

కీమో ఇక్కడ కరెంటుకి పదును పెట్టడానికి, అందుకే డోసు తక్కువగా, వారానికోసారో మాత్రల రూపంలోనో ఇస్తారు. మనిషి లేచి తన పనులు తను చేసుకోగలుగుతూ, కిడ్నీలు, రక్తం బాగుంటే ఇస్తారు. మరీ బలహీనంగా ఉంటే కరెంటు ఒక్కటే పెడతారు. వయసొక్కటే చూసి వద్దనుకోకండి, 70 దాటినవాళ్లు ఎంచక్కా తట్టుకోవడం చూశాను, 50 ఏళ్లాయన నాలుగో వారానికే చేతులెత్తేయడమూ చూశాను.

## మొదలయ్యే ముందు

ప్లానింగ్ సీటీ అంటే ఏంటి? స్కాన్లన్నీ అయిపోయాయి కదా.

అది జబ్బు కనుక్కునే స్కాన్ కాదు, కొలతలు తీసుకునే స్కాన్. రోజూ ఏ భంగిమలో పడుకోవాలో ఆ భంగిమలోనే పడుకోబెట్టి తీస్తారు. చేతులు తలపైకి పెట్టాలి, ఆపరేషన్ అయిన వైపు భుజానికి అదే నరకం, ఇంట్లో ముందు నుంచే చేతులు పైకెత్తడం అలవాటు చేయించండి. మెడ దాకా పెట్టేవాళ్లకి వేడి నీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ వలని ముఖం మీద ఆనించి మాస్కు చేస్తారు, గట్టిపడేదాకా కదలకూడదు. తర్వాత డాక్టర్, డోసు లెక్కలు కట్టే ఫిజిసిస్టు కలిసి కంప్యూటర్ మీద ఎక్కడ ఎంత పడాలో గీస్తారు, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఇంకా మొదలుపెట్టట్లేదేంటి అని ఆ రోజుల్లో గొడవపడకండి, అసలు పని అప్పుడే జరుగుతోంది.

ఇంకో సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. ఆపరేషన్‌లో అన్నవాహిక తీసేసి, కడుపునే గొట్టంలా కుట్టి ఛాతీలోకి లాగి పైన కలుపుతారు. అంటే ఇప్పుడు కరెంటు పడే దారిలో ఉన్నది కడుపు. అది నిండితే ఉబ్బుతుంది, చోటు మారుతుంది, అందుకే సిట్టింగ్‌కి రెండు మూడు గంటల ముందు ఏమీ తినొద్దంటారు. వికారం కూడా అందుకే ఎక్కువ. ఆపరేషన్ తర్వాతి కరెంటు కాస్త కష్టమని డాక్టర్లు అనేది ఇందుకే.

కిరణాలు ఎక్కడ పడాలో గుర్తుకి ఛాతీ మీద గీసిన మార్కులు చెరిగిపోయాయి. ఏం చేయాలి?

మీరే పెన్నుతో మళ్లీ గీయకండి. అది మాత్రం చేయొద్దు. మరుసటి రోజు వెళ్లగానే టెక్నీషియన్‌కి చెప్పండి, వాళ్లు కొలిచి గీస్తారు, పూర్తిగా పోతే ఇంకోసారి స్కాన్ తీయాల్సి రావొచ్చు. మాకు రెండో వారంలో ఉగాది వచ్చింది, మా అమ్మ ఏడాదికోసారి పండగని నాన్నకి నలుగు పెట్టి తలంటు పోసింది, సున్నిపిండితో ఛాతీ అంతా రుద్ది తళతళలాడించింది. మర్నాడు టెక్నీషియన్ చొక్కా విప్పి చూసి, ‘ఏంటి పెద్దాయనా, పండగ బాగా చేసుకున్నట్టున్నావే’ అన్నాడు. నవ్వాడు గానీ గంటన్నర పట్టింది. గోరువెచ్చటి నీళ్లు ఊరికే పోసుకుని మెత్తటి బట్టతో అద్దుకోండి, మార్కుల మీద సబ్బు, నూనె, పసుపు ఏవీ వద్దు. చాలా చోట్ల ఇప్పుడు చిన్న పచ్చబొట్టు చుక్కలు పెడుతున్నారు, వాటికి ఈ బెంగ లేదు.

ఖరీదైన మెషీన్ ఉన్న చోటికే వెళ్లాలా? పాత రకం కోబాల్ట్ మెషీన్ అయితే తప్పా?

ఈ జబ్బుకి వీలైతే లీనాక్ (కరెంటుతో ఎక్స్ కిరణాలు పుట్టించే మెషీన్) మీద ఐఎమ్‌ఆర్‌టీ (చోటుని బట్టి కిరణాల మోతాదు మార్చే) పద్ధతిలో పెట్టించండి, ఎందుకంటే ఛాతీలో పక్కనే గుండె, ఊపిరితిత్తులు, వెనక వెన్నుపాము ఉంటాయి, కిరణాల ఆకారాన్ని, మోతాదుని మలిచి వాటిని వీలైనంత తప్పించగలగడం ముఖ్యం. అంతకు మించి ఇంకా కొత్త మెషీన్ పేరు చెప్పి లక్షలు పెంచుతామంటే, దాని వల్ల మా మనిషికి అదనంగా ఏం ఒరుగుతుందో చెప్పమనండి. నా లెక్కలో ఇంటికి దగ్గరగా ఉండి రోజూ సమయానికి పెట్టే మామూలు లీనాక్, ఊరికి దూరంగా ఉన్న గొప్ప మెషీన్ కంటే మేలు.

ఖర్చు ఎలా? ఆరోగ్యశ్రీలో వస్తుందా?

వస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, రెండింట్లోనూ రేడియేషన్ ప్యాకేజీలున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకి పెంచారు. ఆస్పత్రిలో ఈ పథకం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, సర్జరీ అప్రూవల్ వేరు, రేడియేషన్ అప్రూవల్ వేరు అని గుర్తుపెట్టుకుని ప్లానింగ్ రోజే కాగితాలివ్వండి. ప్రభుత్వ ఆస్పత్రి అంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె., విశాఖ వైపు వాళ్లకి అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉన్నాయి. జనం ఎక్కువ, క్యూ ఉంటుంది, అయినా వైద్యం చిన్నబుచ్చేది కాదు. సొంత డబ్బు పెట్టుకుంటే ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్లకి ఇలాంటి వైద్యం ఖర్చు మీద మినహాయింపు ఉంది (1961 చట్టంలో 80డీడీబీ సెక్షన్), మామూలుగా 40 వేలు, 60 దాటినవాళ్లకి లక్ష దాకా. బిల్లులు పారేయకండి.

ఊరి నుంచి రోజూ తిరగొచ్చా?

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, 25 నుంచి 28 సార్లు. గంట, గంటన్నర ప్రయాణమైతే తిరగొచ్చు. అంతకు మించితే మూడో వారానికి పేషెంటు కంటే ముందు మీరు పడిపోతారు, దగ్గర్లో గది తీసుకోండి, వంట చేసుకోనిచ్చే గది. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి వైద్యం కోసం వెళ్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవాళ్లకి ఆ క్లాసుల్లోనే 75 శాతం రాయితీ ఉంది. ఆస్పత్రి నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి.

## ఆ 5 వారాలు

నొప్పి ఉంటుందా? షాక్ కొడుతుందా?

ఏమీ తెలియదు. ఎక్స్‌రే తీయించుకున్నట్టే. గదిలో ఒక్కరే ఉండాలి, మెషీన్ చుట్టూ తిరుగుతుంది, బుర్రుమని శబ్దం, పది పదిహేను నిమిషాల్లో బయటికొస్తారు. మా నాన్న మొదటి రోజు బయటికొచ్చి, ‘ఇంకా పెట్టలేదమ్మా, ఊరికే పడుకోబెట్టి పంపించారు’ అన్నాడు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కోడలు కడుపుతో ఉంది. దూరంగా ఉంచాలా?

అక్కర్లేదు. మెషీన్ ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి, ఒంట్లో ఏదీ మిగలదు. ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు, కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. మా పెద్దమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్లింది, నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

మెషీన్ చెడిపోయిందని రెండు రోజులు పంపించేశారు. ఏమవుతుంది?

ఒకటి రెండు రోజులకి కొంప మునగదు, కానీ ఖాళీలు పెరిగితే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. పోయిన సిట్టింగ్‌ని చివర కలుపుతారు, లేదా శనివారం పెడతారు, లేదా ఒకే రోజు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పెడతారు. మనవైపు నుంచి మాత్రం పెళ్లని, పంట కోతలని, అమావాస్య అని మానొద్దు. మాకూ మెషీన్ ఆగింది, మూడు రోజులు. అప్పుడు నేను వేసిన ప్రశ్న ఒకటే: పోయినవి ఎప్పుడు కలుపుతారో ఫైలులో రాయండి. రాశారు.

మూడో వారం వచ్చేసరికి గుటక పడట్లేదు, ఛాతీలో మంట. ఆపేద్దామా?

ఆపకండి. చాలామందికి రెండో వారం చివర మొదలై చివరి వారందాకా పెరిగే మంటే ఇది. లోపలి పొర పుండు పడుతుంది. డాక్టర్‌కి చెప్తే తినే ముందు తాగే జెల్, మ్యూకేన్ లాంటిది, యాసిడ్ తగ్గించే మందు, నొప్పి మందు సిరప్ రాస్తారు. చెప్పకుండా ఓర్చుకోవడమే మన పెద్దవాళ్ల రోగం. ‘బానే ఉందయ్యా’ అని డాక్టర్ ముందు అంటాడు, ఇంటికొచ్చి కంచం తోసేస్తాడు. అందుకని వారం వారం చూపించేటప్పుడు పక్కన మీరుండి, ఏం తిన్నారో మీరే చెప్పండి.

ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఇది ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ 5 వారాల్లో మన చేతిలో ఉన్న పని ఇదే. పొద్దున లేవగానే ఒకే తూకం మీద, ఒకే రకం బట్టలతో బరువు చూసి నోటుబుక్కులో రాయండి. మా బుక్కులో మొదటి పేజీలో 54, రెండో వారం చివర 52.5, ఆ అంకె చూపించాకే డైటీషియన్ మమ్మల్ని పట్టించుకుంది. బరువు బాగా తగ్గితే ఒళ్లు సన్నబడి మాస్కు వదులవుతుంది, మార్కులు జరుగుతాయి, ప్లానే మళ్లీ గీయాల్సి వస్తుంది.

కడుపు ఇప్పుడు సన్న గొట్టం కాబట్టి మూడు పూటల లెక్క మర్చిపోండి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం, రోజుకి ఆరేడుసార్లు. మెత్తగా ఉడికించి మెదిపిన పెసరపప్పు అన్నంలో నెయ్యి, పాలల్లో నానిన ఇడ్లీ, పలచటి సేమ్యా ఉప్మా, గుడ్డు బాగా ఉడికించి మెదిపి, పెరుగన్నం మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, రాగి జావలో పాలపొడి కలిపి. నాన్‌వెజ్ తినేవాళ్లకి చికెన్ మెత్తగా రుబ్బి సూపులో. ఏదైనా గోరువెచ్చగా. పొగలు కక్కే కాఫీ, పచ్చిమిర్చి, చింతపండు పులుసు, నిమ్మకాయ, గట్టి జంతికలు పక్కన పెట్టండి. నీళ్లు తినేటప్పుడు కాకుండా అరగంట ఆగి ఇవ్వండి. తిన్న వెంటనే గుండెదడ, చెమటలు, విరేచనం వస్తే అది డంపింగ్, కడుపులోంచి తిండి గబుక్కున పేగులోకి జారిపోవడం, చక్కెర నీళ్లు, గ్లూకోజ్, కూల్‌డ్రింకులు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. తిన్నాక గంటన్నరైనా కూర్చోబెట్టండి, రాత్రి తలవైపు ఎత్తుగా ఉండాలి, దిండు మీద దిండు కాదు, మంచం కాళ్ల కింద ఇటుకలు.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని తీపి, అన్నం మానిపించేవాళ్లున్నారు. ఆ మాట నమ్మి మనిషిని ఎండబెట్టకండి.

తిండి పంపడానికి కడుపుకి పెట్టిన పైపు తీసేయమంటున్నాడు పేషెంటు. తీయించాలా?

నోటితో బాగానే తింటున్నా సరే, కరెంటు అయ్యేదాకా ఉంచమని అడగండి. మూడో వారంలో గుటక పడనప్పుడు ఆ పైపే దిక్కు. పైపులో జావ వేసే ముందూ తర్వాతా కాచి చల్లార్చిన నీళ్లు సిరంజితో పంపండి. జావని పలచటి బట్టలో వడకట్టాలి, జల్లెడ చాలదు. నేను జల్లెడ పట్టి రాత్రి పదింటికి పైపు మూసుకుపోయేలా చేసుకున్నాను, గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా ముందుకీ వెనక్కీ లాగుతుంటే అరగంటకి కదిలింది. తీగతో పొడవడం, బలంగా నెట్టడం వద్దు. ఊడి వచ్చేస్తే రేపు చూద్దాం అనుకోకండి, ఆ రంధ్రం గంటల్లో మూసుకుపోతుంది.

జుట్టు ఊడుతుందా?

కరెంటుకి ఛాతీ మీద జుట్టు పోవచ్చు, తల మీద కాదు. తల జుట్టు పోతే అది కీమో వల్ల.

చుట్ట ఒక్కటి తాగనివ్వొచ్చా?

వద్దు. పొగ తాగితే కరెంటు పని తగ్గుతుంది, పుండ్లు పెరుగుతాయి. ఖైనీ, గుట్కా, మద్యం కూడా అంతే.

పసరు మందు, హోమియో పక్కన వాడొచ్చా?

ఈ 5 వారాలు వద్దు. లివర్ మీద ఏం చేస్తాయో తెలియదు, కీమోతో ఎలా కలుస్తాయో తెలియదు. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఏ లక్షణాలొస్తే రాత్రయినా ఆస్పత్రికి వెళ్లాలి?

జ్వరం 100.4 దాటితే, ముఖ్యంగా కీమో కూడా నడుస్తుంటే. రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా. నీళ్లు కూడా దిగకపోతే. ఊపిరి అందకపోతే. తాగిన ప్రతిసారీ దగ్గు వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టనిపిస్తే.

## అయిపోయాక

కరెంటు అయిపోయి వారమైంది, మంట ఇంకా పెరిగిందేంటి?

మామూలే. ఆపాక కూడా వారం పది రోజులు ప్రభావం ఉంటుంది, తర్వాత దిగుతుంది. నీరసం మాత్రం రెండు మూడు నెలలు లాగుతుంది. మందులు అప్పుడే ఆపేయకండి.

రెండు నెలల తర్వాత పొడి దగ్గు, ఆయాసం. జలుబేనా?

అలా వదిలేయకండి. కరెంటు అయిన నెల నుంచి ఆరు నెలల్లోపు ఊపిరితిత్తుల్లో వాపు రావొచ్చు, న్యుమోనైటిస్ అంటారు. స్టెరాయిడ్లతో తగ్గుతుంది, ముందుగా పట్టుకుంటే. ఊళ్లో డాక్టర్‌కి చూపించినా, ఛాతీకి కరెంటు పెట్టించుకున్నామని చెప్పండి, లేకపోతే యాంటీబయాటిక్ కోర్సులు రెండు వాడించి పంపిస్తారు.

మళ్లీ ముద్ద దిగట్లేదు. తిరిగి వచ్చేసిందా?

అందరికీ గుండె ఆగే క్షణం ఇదే, మాకూ ఆగింది. చాలాసార్లు అది కుట్టు దగ్గర బిగుసుకుపోవడం. ఎండోస్కోపీలో బెలూనుతో సాగదీస్తారు, కొందరికి రెండు మూడుసార్లు చేయాలి. అనుమానం ఉంటే అప్పుడే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. నాన్నకి బిగుసుకుపోవడమే. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు.

పెట్ స్కాన్ ఎప్పుడు తీయించాలి?

వెంటనే తీస్తే కరెంటు వాపే క్యాన్సర్‌లా వెలుగుతుంది, అనవసరమైన టెన్షన్. డాక్టర్ చెప్పినప్పుడే తీయించండి. మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి చెకప్, తర్వాత దూరం పెంచుతారు. బీ12, ఐరన్ చూడమని అడగండి, మెడకి కూడా పెట్టి ఉంటే థైరాయిడ్ కూడా.

గొంతు బొంగురుపోయింది, కరెంటు వల్లేనా?

ఆపరేషన్ నుంచీ అలాగే ఉంటే కాదు, స్వరతంతువులకి వెళ్లే నరం ఆపరేషన్‌లో కదిలి ఉంటుంది, చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది. బాగున్న గొంతు కొత్తగా మారితే మాత్రం చూపించండి.

ఆవకాయ ఎప్పుడు తినొచ్చు?

నవ్వకండి, నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. గుటక మంట పూర్తిగా పోయాక, మెత్తటి అన్నం నెల రోజులు ఇబ్బంది లేకుండా దిగాక, ముద్దపప్పులో నెయ్యి వేసి ఊట ఒక్క బొట్టు కలిపి చూడండి. ముక్క వద్దు. నాన్న నాలుగో నెలలో అలా తిన్నాడు, రెండు ముద్దలు తిని దగ్గి, నీళ్లు తాగి, జాడీ ఎక్కడ పెట్టావని అమ్మని అడిగాడు. అమ్మ చెప్పలేదు.